నానిన బండికి సెల్ఫ్ కొట్టకండి: బెంగళూరు వానల్లో కారును కాపాడుకోవడం ఎలా

"సార్, నీళ్లు ఎక్కాక సెల్ఫ్ కొట్టారా?"

మా బావమరిది కారు షెడ్డుకు చేరగానే మెకానిక్ అడిగిన మొదటి మాట ఇది. అప్పటికింకా బానెట్ కూడా ఎత్తలేదు. "రెండు మూడు సార్లు కొట్టాను అన్నా, టక్‌మని ఆగిపోయింది" అన్నాడు మావాడు. మెకానిక్ ఇంకేమీ అడగలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు ఊడదీసి, లోపలున్న ఫిల్టర్‌ను బయటికి లాగాడు. ముడతలు ముడతలుగా ఉండే ఆ కాగితం బురదనీళ్లు పీల్చుకుని రొట్టెలా ఉబ్బింది. చేత్తో నొక్కితే ధారగా కారింది. తర్వాత ఆయిల్ పుల్ల లాగి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది.

పనత్తూరు వైపు ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, రాత్రి కురిసిన వానకు ఆ కారు బంపర్ దాకా మునిగింది. పొద్దున్నే మోటార్లు పెట్టి నీళ్లు తోడేశారు. ఆఫీసు టైమ్ అవుతోందని టెన్షన్‌లో మావాడు కిందికి దిగి సెల్ఫ్ కొట్టాడు. నీళ్లు మాత్రమే చేసిన నష్టమైతే ఆయిల్ మార్చి, కార్పెట్లు ఆరబెట్టి, నాలుగు కనెక్టర్లు శుభ్రం చేస్తే పోయేది. సెల్ఫ్ కొట్టడంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వలేదు కూడా.

బెంగళూరులో మనవాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, బెళ్లందూరు, మహదేవపుర, కె.ఆర్.పురం, హొరమావు వైపు ఇలాంటివి ప్రతి ఏడాదీ చూస్తున్నాను. అందుకే వాన రాకముందు మొదలుపెట్టి, నీళ్లు దిగాక షెడ్డుకు చేర్చేదాకా ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు ఈ ఒక్క సంగతి అర్థం చేసుకోండి

ఇంజిన్ గాలి పీల్చి, పిస్టన్‌తో దాన్ని నొక్కి, మండిస్తుంది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది. నీళ్లు నొక్కుకోవు. సిలిండర్‌లో గాలికి బదులు నీళ్లు ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే, పైకొచ్చే పిస్టన్ ఆ నీళ్లకు గోడకు గుద్దుకున్నట్టు గుద్దుకుంటుంది. దాన్ని తోసే రాడ్ వంగుతుంది, లేదా విరుగుతుంది. దీన్నే షెడ్డుల్లో, ఇన్సూరెన్స్ కాగితాల్లో హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. డీజిల్ ఇంజిన్లలో నొక్కుడు ఇంకా ఎక్కువ కాబట్టి ప్రమాదమూ ఎక్కువే.

ఈ రోజే ఒక పని చేయండి. బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ముందుకు వచ్చే గొట్టం మూతి ఎక్కడుందో చూడండి. చాలా కార్లలో గ్రిల్ వెనక, హెడ్‌లైట్ పక్కన ఉంటుంది. కొన్నింటిలో ఇంకా కిందికి ఉంటుంది. మీ బండికి అసలు గీత అదే. నీళ్లు ఆ మూతిని అందుకున్నాయంటే ఇంజిన్ లోపలికి దారి దొరికినట్టే.

వాన రాకముందే: పాలసీ కాగితం

ఫోన్‌లో ఉన్న పాలసీని తెరిచి మూడు చోట్ల చూడండి.

మొదటిది, "ఓన్ డ్యామేజ్" గడువు. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి ఇచ్చేది, ఒక్కటే ఉంటే వరదలో మీ బండికి రూపాయి కూడా రాదు. ఇక్కడ చాలామంది తెలియక దెబ్బతింటున్నారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి 3 ఏళ్లకు కట్టించుకుంటున్నారు. సొంత బండి నష్టానికి ఇచ్చేది మాత్రం చాలా పాలసీల్లో మొదటి ఏడాదికే ఉంటుంది. కాగితం మీద 3 ఏళ్ల తేదీ కనిపిస్తుంది కాబట్టి అంతా ఉందనుకుంటాం. రెండో ఏడాది వానల్లో బండి మునిగాక, పాలసీ ఉన్నా లేనట్టేనని తెలుస్తుంది. రెండు తేదీలూ విడివిడిగా చూడండి.

రెండోది, "ఇంజిన్ ప్రొటెక్ట్" అనే యాడ్-ఆన్, అంటే మామూలు పాలసీ మీద అదనంగా డబ్బు కట్టి తీసుకునేది. మామూలు పాలసీ వరద నష్టాన్ని ఇస్తుంది, కానీ ఆ తర్వాత జరిగిన పరిణామ నష్టాన్ని ఇవ్వదు. నీళ్లు దిగాక సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పోతే దాన్ని పరిణామ నష్టం కిందే లెక్కకడతారు. మా బావమరిది విషయంలో సర్వేయర్, అంటే నష్టాన్ని లెక్కకట్టడానికి వచ్చే మనిషి, అదే రాశాడు. కార్పెట్లకు, వైరింగుకు డబ్బులొచ్చాయి, ఇంజిన్‌కు రాలేదు. యాడ్-ఆన్‌ను రెన్యువల్ సమయంలోనే తీసుకోవాలి, మధ్యలో అడిగితే సాధారణంగా ఇవ్వరు. బాగా పాతబడిన బండ్లకు కొన్ని కంపెనీలు అసలే ఇవ్వవు. లోతట్టు ప్రాంతంలో ఉండేవాళ్లు మిగతా యాడ్-ఆన్‌లలో ఏది వదులుకున్నా దీన్ని వదులుకోవద్దని నా మాట. దీని తర్వాత జీరో డిప్రిసియేషన్. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. నీళ్లలో ముందుగా పాడయ్యేవి అవే.

మూడోది, ఐడీవీ. మీ బండికి కంపెనీ కట్టిన విలువ అది. నాలుగేళ్లు దాటిన కారుకు సాధారణంగా షోరూమ్ ధరలో సగానికి వస్తుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని పూర్తిగా పోయినట్టు లెక్కవేసి ఐడీవీ చెల్లిస్తారు. కాబట్టి ప్రీమియం కాస్త తగ్గుతుందని రెన్యువల్‌లో ఐడీవీని మరీ కిందికి దించుకోకండి.

మీ వీధిలో నీళ్లు ఎటు పోతాయి?

సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరికి వరద ఏమిటని ఇంటి దగ్గర పెద్దవాళ్లు ఫోన్‌లో అడుగుతుంటారు. రాయలసీమలో పుట్టినవాళ్లకైతే ఒక్క ముక్కలో అర్థమవుతుంది. బెంగళూరు గొలుసుకట్టు చెరువుల ఊరు. పై చెరువు అలుగు పారితే నీళ్లు రాజకాలువ గుండా కింది చెరువుకు చేరతాయి, అక్కడినుంచి ఇంకా కిందికి. బెళ్లందూరు చెరువు నిండితే వర్తూరుకు, వర్తూరు నుంచి దక్షిణ పినాకినికి. ఈ దారిలో కొన్ని చెరువులు పూడిపోయి లేఅవుట్లయ్యాయి, రాజకాలువలు ఇరుకయ్యాయి. నీళ్లకు మాత్రం పాత దారే దారి. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు, యెమలూరు వైపు విల్లాల్లో ఖరీదైన కార్లు పైకప్పు దాకా మునిగాయి, ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. 2024 అక్టోబరులో యలహంక కేంద్రీయ విహార్, 2025 మేలో హొరమావు సాయి లేఅవుట్. ఇవన్నీ లోతట్టు చోట్లే.

కాబట్టి ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడే వాచ్‌మన్‌ను, వీధి చివర అంగడాయన్ను అడగండి: "2022లో ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" చేత్తో గోడమీద చూపిస్తారు. కాంపౌండ్ గోడమీద, లిఫ్టు తలుపు పక్కన మట్టి గీత మిగిలుందేమో చూడండి. బేస్‌మెంట్‌కు దిగే ర్యాంపు రోడ్డు నుంచి నేరుగా కిందికి వాలుతుందా, లేక మొదట చిన్న దిబ్బలా ఎక్కి దిగుతుందా? నేరుగా వాలితే వీధి నీళ్లన్నీ మీ బండి మీదికే. బేస్‌మెంట్ నీళ్లు తోడే సంప్ మోటారుకు జనరేటర్ కనెక్షన్ ఉందో లేదో అసోసియేషన్ మీటింగులో అడగండి. గట్టి వానకు ముందు పోయేది కరెంటే, కరెంటు పోతే మోటారు తిరగదు.

హెచ్చరిక వచ్చిన సాయంత్రం

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ కాసి సాయంత్రానికి ఉరుములతో కుమ్మేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరులో రాత్రిళ్లు దంచుతుంది. వాతావరణ శాఖ వాళ్లు మూడు గంటల ముందు ఇచ్చే నౌకాస్ట్ చూడటం అలవాటు చేసుకోండి. ఆరెంజ్, రెడ్ అని కనిపించిందా, బండిని బేస్‌మెంట్ నుంచి తీసేయండి. వాన మొదలయ్యాక చూద్దాంలే అనుకుంటే కుదరదు, ర్యాంపు మీద నీళ్లు దిగడం మొదలైతే పది పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది. ఆఫీసు మల్టీలెవల్ పార్కింగులో పై అంతస్తు, మాల్ పై పార్కింగు, లేదా పక్క వీధిలో ఎత్తైన చోటు. చెట్టు కింద మాత్రం వద్దు. ఇక్కడి రెయిన్ ట్రీలు, గుల్‌మొహర్లు గాలివానకు కూలడం మామూలే.

కారులో వదిలేసిన ల్యాప్‌టాప్, పిల్లల సర్టిఫికెట్లు పైకి తెచ్చేయండి. బండి ఇన్సూరెన్స్ వాటికి వర్తించదు.

ఆలస్యమైపోయి బేస్‌మెంట్‌లోకి నీళ్లు దిగుతుంటే, దయచేసి కిందికి వెళ్లకండి. మీటర్ బోర్డులు, చార్జింగ్ పాయింట్లు అక్కడే ఉంటాయి, నీళ్లలో కరెంటు ఉందో లేదో చూస్తే తెలియదు. ర్యాంపు మీద మోకాలిలోతు పారే నీళ్లు మనిషిని పడేస్తాయి. బండి పోతే పోనివ్వండి. డ్రైవర్‌ను, వాచ్‌మన్‌ను కూడా పంపకండి. "ఒక్క నిమిషం, తీసుకొచ్చేయ్" అని మనం అనే మాటకు వాళ్లు కాదనలేరు.

దారిలో నీళ్లు ఎదురైతే

మొదటి ప్రశ్న లోతు. ఫుట్‌పాత్ అంచు కనిపించకపోతే నేనైతే వెనక్కి తిప్పుతాను. సుమారు 15 సెంటీమీటర్ల నీళ్లకే మామూలు కారు అడుగుభాగం తడుస్తుంది, పట్టు తప్పొచ్చు. చక్రంలో సగం అంటే దాదాపు అడుగు లోతు. ఆ లోతు పారే నీళ్లలో చిన్న కార్లు తేలడం మొదలుపెడతాయి. రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలను కూడా తోసుకుపోతుంది. బండి ఎత్తుగా ఉందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

లోతు తక్కువేనని ముందు వెళ్లిన బండిని చూసి నిర్ధారించుకున్నాకే దిగండి. ఏసీ ఆపి, ఫస్ట్ గేర్‌లో, ఒకే వేగంతో, మధ్యలో ఆగకుండా, గేరు మార్చకుండా వెళ్లాలి. ఎదురుగా బస్సు వస్తుంటే అది దాటేదాకా బయటే ఆగండి. బస్సు తోసే అల వల్ల మీ బానెట్ దగ్గర నీళ్లు ఒక్కసారిగా ఎగసి, ఇందాక చెప్పిన గొట్టం మూతిలోకి పోతాయి. లోతు లేని నీళ్లలోనూ కార్లు ఆగిపోవడానికి తరచూ ఇదే కారణం. బయటపడ్డాక బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోండి.

అండర్‌పాస్ సంగతి వేరే. అక్కడ లోతు అంచనా వేయకండి, నీళ్లు నిలిచి ఉంటే దిగకండి, అంతే. 2023 మే 21న, విధానసౌధకు కూతవేటు దూరంలోని కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో ఒక తెలుగు కుటుంబం ఎక్కిన అద్దె కారు నీళ్లలో చిక్కుకుంది. ఒక యువతి ప్రాణం పోయింది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనమందరం అలాగే కారు మాట్లాడుకుని ఊరు చూపించడానికి బయల్దేరతాం. క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చున్నా సరే, "అన్నా, ఇందులోకి వద్దు, చుట్టూ తిరిగి పోదాం" అని గట్టిగా చెప్పండి. అరగంట ఆలస్యమైనా పర్వాలేదు.

నీళ్లలో బండి ఆగిపోతే

మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. నీళ్లు నిలకడగా, మోకాలికి కింద ఉంటే ఇగ్నిషన్ ఆపి, న్యూట్రల్‌లో వేసి, నలుగురి సాయంతో గట్టుకు తోయండి.

నీళ్లు పెరుగుతుంటే బండిని మరిచిపోండి. వెంటనే సీటు బెల్టు విప్పుకుని కిటికీ అద్దాలు దించండి. పవర్ విండోలు తడిసినా కాసేపు పనిచేస్తాయి, ఆ కాసేపే మనకున్న సమయం. బయట నీళ్ల బరువుకు తలుపు తెరుచుకోదు, దానితో కుస్తీ పడుతూ సమయం పోగొట్టుకోవద్దు. ముందు పిల్లల్ని కిటికీలోంచి బయటికి పంపి, పైకప్పు పట్టుకుని మీరూ బయటికి రండి. అద్దం దిగకపోతే పక్క అద్దం మూలన కొట్టాలి. ముందు అద్దం రెండు పొరలది, పగిలినా రాలదు. చిన్న అద్దం సుత్తి ఒకటి కొని డ్రైవర్ చేతికందే చోట పెట్టండి, డిక్కీలో కాదు. అది లేకపోతే హెడ్‌రెస్ట్ ఊడదీసి, దాని ఇనుప ఊచను అద్దానికీ తలుపుకూ మధ్య సందులో దూర్చి గట్టిగా లాగండి. బయటపడ్డాక 112కు ఫోన్ చేయండి.

హెడ్‌రెస్ట్ ఎలా ఊడుతుందో ఈ ఆదివారం ఒకసారి తీసి చూడండి. చాలా బండ్లలో కింద చిన్న బొత్తాం నొక్కితేనే వస్తుంది. కొన్ని కార్లలో అది సీటుతో కలిసే ఉంటుంది. మీది అలాంటిదైతే సుత్తి తప్పనిసరి.

నీళ్లు దిగిన పొద్దున

ఇక్కడ ఓపిక కావాలి. ఆఫీసుకు మెసేజ్ పెట్టేసి మొదలుపెట్టండి.

కరెంటు పూర్తిగా ఆపారని తెలిశాకే బేస్‌మెంట్‌లోకి దిగండి. బండిని ముట్టుకోకముందే ఫొటోలు తీయండి: నాలుగు వైపులా, నంబర్ ప్లేటు కనిపించేలా, తలుపు మీద, సీటు మీద మట్టి గీత కనిపించేలా. ఆ గీత పక్కన స్కేలో, చెయ్యో పెట్టి ఇంకో ఫొటో. నీళ్లు ఉండగానే పై నుంచి తీసిన వీడియో ఉంటే ఇంకా మంచిది. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి.

పుష్ బటన్ బండి అయితే రిమోట్‌ను ఇంట్లోనే వదిలేసి రండి, అలవాటుగా చెయ్యి బటన్ మీదికి పోతుంది. ఇనుప తాళంచెవి ఉంటే దానితో తలుపు తెరిచి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పేయండి. పది నంబరు స్పానర్ చాలు చాలా బండ్లకు. ఎలక్ట్రిక్ కారైతే దేన్నీ విప్పకండి, చార్జర్ పెట్టకండి, దూరంగా ఉండి కంపెనీ సర్వీస్ వాళ్లను పిలిపించండి. బ్యాటరీ గట్టిగా మూసి ఉంటుందన్నది నిజమే, కానీ గంటల తరబడి బురదలో నానడం వేరే సంగతి.

నీళ్లు చక్రంలో సగం దాటలేదా, లోపల కార్పెట్ పొడిగానే ఉందా? బ్రేకులు, బేరింగులు చూపించుకుంటే చాలు. లోపల కార్పెట్ తడిసిందంటే మాత్రం స్టార్ట్ చేయకుండా షెడ్డుకు ఎక్కించాల్సిందే. లాగించే బండి కాకుండా, పూర్తిగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ అడగండి. ఆటోమేటిక్ కార్లను చక్రాలు నేలమీద దొర్లేలా లాగితే గేర్‌బాక్స్ పోతుంది.

పెద్ద వాన మర్నాడు టోయింగ్ బండ్లు దొరకవు, రోజుల తరబడి ఆగాల్సి వస్తుంది. ఆ లోపు ఊరికే ఉండకండి. తలుపులన్నీ తీసి, కాళ్ల కింది మ్యాట్లు తీసేసి, కార్పెట్ అంచు పట్టుకుని పైకి లేపండి. కింద స్పాంజిలా ఒక మందపాటి పొర ఉంటుంది. పైన చేత్తో తడిమితే పొడిగా ఉన్నా, ఆ పొర నొక్కితే నీళ్లొస్తాయి. వాసన పుట్టేది, సీటు కింది కనెక్టర్లు తుప్పుపట్టేది దానివల్లే. పాత తువాళ్లతో అద్దుతూ, ఫ్యాను పెట్టి ఆరబెట్టండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగువి.

షెడ్డులో ఏం చేయాలో మీకూ తెలిసి ఉండాలి. ముందు ఆయిల్, ఫిల్టర్లు మార్చాలి, గేర్ ఆయిల్ కూడా. తర్వాత స్పార్క్ ప్లగ్గులు (డీజిల్ అయితే గ్లో ప్లగ్గులో, ఇంజెక్టర్లో) విప్పి, ఇంజిన్‌ను సెల్ఫ్‌తో కాకుండా చేత్తో తిప్పాలి. లోపల నీళ్లుంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి పిచికారీలా చిమ్ముతాయి. అవన్నీ పోయి, చేతికి సులువుగా తిరిగాకే సెల్ఫ్. "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం సార్" అనే మెకానిక్ దగ్గర బండి వదలకండి. సర్వేయర్ వచ్చి చూసి ఒప్పుకునేదాకా ఏదీ విప్పనివ్వకండి. నడిపి చూడటమూ వద్దు, పాలసీ షరతుల్లోనే ఉంటుంది: దెబ్బతిన్న బండిని బాగుచేయించకుండా నడిపితే, ఆపై పెరిగిన నష్టం యజమానిదే.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ ఆఫీసు బెంగళూరులోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. క్లెయిమ్ తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది కాబట్టి, చిన్న ఖర్చయితే రెండు లెక్కలూ వేసుకుని నిర్ణయించుకోండి.

ఇంకొక్కటి, బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు కొని ఊరికి తీసుకుపోదామనుకునే వాళ్లకు. మునిగిన బండ్లు కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మకానికి వస్తుంటాయి. వెనక సీటు బెల్టును ఒక్కొక్కటీ చివరిదాకా లాగండి. కడిగేవాళ్లు పైకి కనిపించే మూరెడు మేరే కడుగుతారు, లోపల చుట్టుకుని ఉన్న చోట మట్టి గీత అలాగే ఉండిపోతుంది. స్టెప్నీ ఎత్తి ఆ గుంతలో వేలితో రుద్ది చూడండి, సీటు బోల్టుల తలలు చూడండి. ఎర్రటి తుప్పో, సన్నటి ఒండ్రో తగిలితే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.